పేరు, పరపతి: చెన్నపట్టణపు తెలుగు ఔషధవర్తకులు

తెలుగున 'పరపతి' యను మాటకొక విశేషము గలదు. అప్పు పుట్టుటకు ఆధారమైన నమ్మకమును పరపతియే. నలుగురిలో మాట చెల్లుటయు పరపతియే. పరపతి సంఘమనగా ఋణములిచ్చు సహకార సంఘము. ఒకనికి పరపతి కలదన్నచో వానికి ధనమున్నదని మాత్రమే అర్థము కాదు. వాని పేరు చెప్పిన పని జరుగునని అర్థము. ధనమును మాటను ఒక్క పదమున ముడివేసిన మన పూర్వులు వర్తకుని స్వభావమును బాగుగనే యెరిగియుండిరి. నేడు వాణిజ్య విద్యాలయములలో 'పర్సనల్ బ్రాండ్' అను పేర బోధింపబడుచున్న విషయము, అనగా వర్తకుడు తన సరకుతోపాటు తన పేరునుగూడ జనుల మనస్సులలో నాటుకొనజేయుట, ఈ పరపతికి క్రొత్త వేషమే. అయితే ఊరు విడిచి పరభాషా ప్రదేశమునకు వెళ్లిన తెలుగువాడు ఈ పరపతిని మొదటినుండి సంపాదించుకొనవలసి వచ్చెను. ఆ సంపాదన యెట్లు జరిగినదో, సంపాదించిన పేరును వారు దేనికి వెచ్చించిరో, అందులో మనకు మిగిలినదేమో ముగ్గురు ఔషధవర్తకుల చరిత్రనుబట్టి పరిశీలించుట ఈ వ్యాసమున నా ప్రయత్నము. ఆ మువ్వురు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, పండిత దీవి గోపాలాచార్యులుగారు, కె. ఎన్. కేసరిగారు.

ఔషధవర్తకులనే యేల యెన్నుకొనవలెనని చదువరులు అడుగవచ్చును. బియ్యమును పిడికిట బట్టి చూడవచ్చును; వస్త్రమును పోగులెన్ని చూడవచ్చును; బంగారమునకు గీటురాయి యున్నది. సీసాలోని మందునకు కొనువాని చేతిలో ఏ పరీక్షయు లేదు. పూర్వము పల్లెలోని వైద్యుడు ఇంటిపేరుచేతను, తాతగారి హస్తవాసిచేతను ఎరుగబడినవాడు. ఆయన యిచ్చిన పొట్లము మీద ఏ ముద్రయు అక్కరలేకపోయెను. సీసా మాత్రము ఎవరో చేసి, ఎచ్చటనో అమ్మునది. దానిపైని పేరు తప్ప కొనువానికి వేరు ఆధారము లేదు.

ఈ మార్పు రెండుమూడు దశాబ్దములలోనే జరిగినది. 1871లో రాయచూరువద్ద బొంబాయి రైలుమార్గమును చెన్నపట్టణపు రైలుమార్గమును కలిసెను. 1877లో తపాలాశాఖవారు వీ.పీ.పీ. పద్ధతిని ప్రవేశపెట్టిరి. 1879లో పావు అణా కార్డు వచ్చెను. 1880లో మనియార్డరు వచ్చెను. ఈ నాలుగింటిని కలిపి చూచినచో ఔషధవ్యాపారపు యంత్రమంతయు కంటికి గట్టును. ఒంగోలు ప్రాంతపు రైతు పత్రికలోని ప్రకటన చదివి, పావు అణా కార్డు వ్రాసి, కొన్ని దినములకు పార్సెలు రాగా తపాలాబంట్రోతు చేతిలో రూకలు పెట్టి మందు తీసికొనవచ్చును. అమ్మినవానిని కొన్నవాడు జన్మలో చూడడు. ఇరువురికిని నడుమ నున్నది పేరు ఒక్కటే.

ఆ పేరునకు చట్టపు రక్షణయైనను గట్టిగా లేకుండెను. మోసపు ముద్రలను శిక్షించు నిబంధనలు శిక్షాస్మృతిలో నుండెనుగాని, వ్యాపారచిహ్నములను నమోదు చేయుటకు మన దేశమున ప్రత్యేక శాసనము 1940 వరకు రాలేదు. ఔషధముల నాణ్యమునుగూర్చిన శాసనము గూడ ఆ 1940లోనే వచ్చినది. ఈ రెండును ఒకే సంవత్సరమున పుట్టుట నాకు యాదృచ్ఛికముగా దోచదు. అంతకుముందు అర్ధశతాబ్దముపాటు సీసాలోని వస్తువునకును సీసాపైని పేరునకును పూటకాపు వర్తకుని పరపతియే. అందుచేతనే ఆనాటి వర్తకులకు పేరు అలంకారము గాక మూలధనమైనది.

ఇట్టి పరిస్థితిలో అతిశయోక్తులకు కొదువ యుండదు. ఆనాటి పత్రికలలోని మందుల ప్రకటనలు చదివినచో కావ్యములలోని వర్ణనలు వెలవెలబోవును. ఒక్క గుళికతో సకలరోగములును పారిపోవును, ముసలివాడు పడుచువాడగును. ఇట్టి ప్రకటనలను అరికట్టుటకు 1954లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక శాసనమునే చేయవలసి వచ్చినది. కావున ఔషధవర్తకులందరును ఆదర్శపురుషులని చెప్పుట నా ఉద్దేశము గాదు. అంత రొదలో కొన్ని పేర్లే యేల నిలిచినవి, తక్కినవి యేల మాసిపోయినవి అనునది ప్రశ్న.

మువ్వురిలో గోపాలాచార్యులుగారిది శాస్త్రమార్గము. 1872లో జన్మించిన ఈయన బందరువారు. ఆయుర్వేదమును శాస్త్రీయముగా నభ్యసించి, చెన్నపట్టణమున శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ఆయుర్వేద వైద్యశాలలో ప్రధానవైద్యులై, 1898లో 'ఆయుర్వేదాశ్రమము' అను ఔషధశాలను స్థాపించిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమున ప్లేగు దక్షిణదేశమును పీడించినప్పుడు ఆయన ప్రయోగించిన హైమాది పానకము, శతధౌత ఘృతము అను ఔషధములు ఆయనకు ప్రఖ్యాతిని దెచ్చినవి. ఆయన తన పేరునకు ముందు 'పండిత' శబ్దమును విడువకుండుట గమనింపదగినది. పాశ్చాత్యవైద్యమునకు పట్టభద్రత, దొరతనమువారి యాదరణ కలవు. దేశీయవైద్యమున కట్టివి లేవు. ఆ లోటును 'పండిత' శబ్దము పూరించినది. అది బిరుదమును, అర్హతాపత్రమును, వ్యాపారచిహ్నమును గూడ.

గోపాలాచార్యులుగారు తమ పరపతిని వెచ్చించినదియు శాస్త్రమునకే. దేవస్థానపు ఆయుర్వేద కళాశాలలో శిష్యులను తయారుచేసిరి. ఇంగ్లీషు వైద్యమున పట్టము పొందిన ఆచంట లక్ష్మీపతిగారు (1880–1962) ఆయనయొద్ద ఆయుర్వేదము నభ్యసించి, ఆ శాస్త్రవ్యాప్తికే జీవితమును ధారపోసిరి. 1920లో ఆచార్యులుగారు నలుబదియెనిమిదేండ్ల వయస్సున పరమపదించిరి. మందులు ఎవరైనను చేయవచ్చును. పండితుని పేరునకు వారసులు శిష్యులు. శిష్యపరంపర ఉన్నంతవరకు ఆ పేరును ఉండును. ఈ మార్గమునకు గల బలమును పరిమితియు ఇదియే.

ఇక నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర విస్తరించి చెప్పదగినది. 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించి, బందరున చదివి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. పట్టము చేతబట్టుకొని సర్కారు కొలువునకు పోవుట ఆనాటి ఆచారము. ఆయన కలకత్తాకు వెళ్లి మందుల వ్యాపారపు మెళకువలు తెలిసికొని, పిదప బొంబాయి చేరిరి. అచ్చట 1893లో 'అమృతాంజన్' అను తలనొప్పి మందును విక్రయింప నారంభించిరి. సంగీతసభలలో ఈ లేపనమును ఉచితముగా పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. ఈ యుపాయమున గల లోకజ్ఞత మెచ్చదగినది. కచ్చేరి గంటలకొలది సాగును. సభలో నొకడు నొసటికి రాచుకొన్నచో ఆ ఘాటు పది వరుసలవరకు వ్యాపించును. చదువనక్కరలేని ప్రకటన అది.

ఆ పేరును తెలుగు పంతులుగా నేను కొంచెము విడదీసి చూచెదను. అమృత, అంజన అను రెండు సంస్కృతశబ్దములకు సవర్ణదీర్ఘము. ఆరవ తరగతి విద్యార్థి సైతము సంధి చెప్పగలడు. ఈ రెండు మాటలును తెలుగు, మరాఠీ, గుజరాతీ, కన్నడ, హిందీ భాషలవారందరికిని తెలిసినవే. తెలుగులోవలె 'అమృతాంజనము' అని ముగింపక హలంతముగా నుంచుట బొంబాయి వాడుకకు తగినది. మన యిండ్లలో స్త్రీలు దానిని తిరిగి 'అమృతాంజనం' అని తెలుగు చేసికొనిరి. మరియొక సూక్ష్మమున్నది. ఋకారమును ఉత్తరాదివారు 'రి' అందురు. తెలుగువారును మహారాష్ట్రులును 'రు' అందురు. ఇంగ్లీషు అక్షరములతో ఈ పేరును వ్రాయునప్పుడు నేటికిని 'రు' అనుచోట 'యు' అక్షరమే వ్రాయబడుచున్నది. 1901లో లాహోరున పుట్టిన 'అమృత్‌ధారా' ఔషధమున అదే శబ్దమునకు ఇంగ్లీషున 'ఐ' అక్షరము వాడిరి. ఆవిధముగా ఒక్క అచ్చులో ఆ సీసా తన పుట్టువును దాచుకొనక చెప్పుచున్నది.

ముఖ్యముగా గమనింపవలసినది, పంతులుగారు సరకునకు తమ పేరు పెట్టకపోవుట. గోపాలాచార్యులవలె 'పండిత' శబ్దమును తగిలించుకొనలేదు. బొంబాయిలో 'కాశీనాథుని' యను ఇంటిపేరు ఎవరికి తెలియును? ఊరు, కులము, ఇంటిపేరు అను మూడింటితో తెలుగుదేశమున నడచు పరపతి ఆ మహానగరమున చెల్లని నాణెము. అందుచే ముందు సరకునకు పేరు సంపాదించిరి. ఆ సరకు తెచ్చిన ధనముతో తమ పేరును వేరొక రంగమున సంపాదించిరి. ఈ వరుసక్రమమే ఆయన ప్రత్యేకత యని నా తలంపు.

ఆ వేరొక రంగము భాష. బొంబాయిలో తెలుగువారు అప్పటికే చాలకాలమునుండి స్థిరపడియుండిరి. నిజాము రాజ్యమునుండి వచ్చి నగరనిర్మాణమున రాళ్లు మోసిన కామాటీల పేరనే కామాటిపురము వెలసినది. బట్టలమిల్లులలో తెలుగు పద్మశాలీలు పని చేయుచుండిరి. 1907 సూరతు కాంగ్రెసు నాటి సంచలనము తరువాత, తెలుగున గట్టి పత్రిక యుండవలెనని తలంచి పంతులుగారు 1908లో బొంబాయినుండియే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు వందలమైళ్ల దూరమున, మరాఠీ గుజరాతీ ముద్రణశాలల నడుమ, తెలుగు అక్షరములు కూర్చి అచ్చువేసి తపాలాలో పంపుట యెంతటి వ్యయప్రయాసలతో గూడినదో పత్రిక నడపినవారికి వివరింపనక్కరలేదు. 1914లో పత్రికను చెన్నపట్టణమునకు మార్చి, ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా నడిపించిరి.

తెలుగు పత్రికలకు చందాదారుల బకాయి యనునది పురాతనవ్యాధి. ఎన్నియో మంచి పత్రికలు ఆ జబ్బుతోనే కన్నుమూసినవి. కొన్ని జమీందారుల దయమీద, కొన్ని ఉద్యోగుల మెప్పుమీద బ్రతికినవి. ఆంధ్రపత్రిక వెనుక తలనొప్పి మందు ఉండుటచే అది దొరతనమును విమర్శించుటకు సాహసింపగలిగినది. తలనొప్పులు సర్వజనులకును వచ్చును గనుక ఆ యాదాయమునకు ఏ రాజును అడ్డు తగులలేడు! 1924లో 'భారతి' మాసపత్రిక వెలువడెను. 1926లో 'ఆంధ్రగ్రంథమాల' యారంభమై పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలగు గ్రంథములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. 1923లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి మరణముతో ఆగిన విజ్ఞానసర్వస్వపు పనిని పంతులుగారు చేపట్టి మరల నడిపింపజూచిరి. ఆంధ్ర కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. ఉప్పుసత్యాగ్రహమున కారాగారమున కేగి అచ్చట భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. 'దేశోద్ధారక' యనియు 'విశ్వదాత' యనియు జనులు ఆయనను పిలిచిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు 'కళాప్రపూర్ణ' బిరుదమిచ్చిరి.

ఇదంతయు వ్యాపారప్రచారమే గదాయని ఆక్షేపించువారుందురు. తమ మందును తమ పత్రికలో ప్రకటించుకొనలేదా? ప్రకటించుకొనిరి. దేశభక్తుని మందు అను భావము అమ్మకమునకు తోడ్పడలేదా? తోడ్పడియే యుండును. నేను దానిని కాదనను. వర్తకుడు లాభము నాశించుట దోషము గాదు. అయితే కారాగారమునకు పోవుట, అమ్ముడుపోవుట కష్టమైన ప్రాచీనకావ్యములను అచ్చువేయుట లాభముకొరకు చేయు పనులు గావు. ప్రచారము పేరునకు ఎరువు వంటిది. ఎరువు ఒక్కటియే ఫలము నీయదు. చెన్నపట్టణముననే వావిళ్లవారి దృష్టాంతము కలదు. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు ముద్రణశాల నెలకొల్పిన తరువాత 'వావిళ్లవారి ప్రతి' యన్నచో పాఠము నమ్మదగినదను కీర్తి గలిగెను. ప్రూపులు దిద్దిన కండ్లమంటయే ఆ కీర్తికి వెల. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో వారు ప్రచురించి, ప్రభుత్వనిషేధమునకు గురియై, 1947లో నిషేధము తొలగినపిదప 1952లో తిరిగి వెలువరించిరి. నలువదేండ్లు ఓర్చిన పేరు అది.

పంతులుగారి పరపతి యెంతవరకు వచ్చినదో తెలిసికొనుటకు 1937 నవంబరు 16వ తేదీ చాలును. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినచో తమకు అన్యాయము జరుగునేమోయని రాయలసీమవారికి సంశయము. సర్కారు జిల్లాలవారును రాయలసీమవారును ఒకచోట కూర్చుండవలెనన్న ఇరుపక్షములును నమ్మిన ఇల్లు కావలెను. చెన్నపట్టణమున పంతులుగారి గృహమైన శ్రీబాగ్‌లో వారు సమావేశమై, విశ్వవిద్యాలయము, నదీజలములు, రాజధాని, ఉన్నతన్యాయస్థానము మొదలగు విషయములమీద ఒడంబడిక చేసికొనిరి. అదియే శ్రీబాగ్ ఒడంబడిక. ఒక మందుల వర్తకుని ఇంటిపేరు, నిజముగా ఇంటికి పెట్టిన పేరు, ఒక రాష్ట్రపు రాజకీయచరిత్రలో శాశ్వతమైన పదమైనది. 1953లో కర్నూలు రాజధాని యగుటకు, గుంటూరున ఉన్నతన్యాయస్థానము నెలకొనుటకు ఆధారము ఆ గదిలో కుదిరిన మాటయే. పత్రమునకు చట్టబలము లేకుండెను. ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు దివంగతులైరి. అంతకు రెండేండ్లకు ముందే, 1936లో, అమృతాంజన్ వ్యాపారము పబ్లిక్ లిమిటెడ్ సంస్థయైనది. సరకు పేరు యజమాని పేరునుండి ముందే వేరుపడియుండుటచే, యజమాని పోయిన తరువాత సరకునకు లోటు గలుగలేదు.

కె. ఎన్. కేసరిగారి (1875–1953) మార్గము ఈ రెండింటికిని భిన్నము. ఒంగోలు ప్రాంతమునుండి పేదపిల్లవాడుగా చెన్నపట్టణము చేరి, అచ్చటనే వైద్యము నేర్చి వృద్ధికి వచ్చినవారు. తమ ఔషధశాలకు 'కేసరి కుటీరము' అని తమ పేరే పెట్టుకొనిరి. కేసరియనగా సింహము. నేటి పిల్లలకు రవ్వతో చేయు తీపివంటకము ముందు స్ఫురించుననుకొనుడు. ఆనాడు మాత్రము ఆ పేరు గంభీరముగనే వినబడినది. ఆయన ప్రసిద్ధౌషధము 'లోధ్ర'. లోధ్రమనగా మన లొద్దుగ చెట్టు. దాని పట్టను ఆయుర్వేదమున స్త్రీరోగములకు వాడుదురు. 1928లో ఆయన 'గృహలక్ష్మి' అను స్త్రీల మాసపత్రికను స్థాపించిరి. ఆ పత్రిక పక్షమున రచయిత్రులకు స్వర్ణకంకణము బహూకరించు ఏర్పాటు చేసిరి. 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మగారు ఆ కంకణమును పొందిరి.

ఇందులోని పొందిక చూడుడు. మందు స్త్రీలకు, పత్రిక స్త్రీలకు, బహుమానము స్త్రీలకు. సిగ్గుచే వైద్యునికి చెప్పుకొనజాలని బాధను కార్డు మీద వ్రాసి తెలుపుకొను గృహిణికి, ఆ కుటీరమునుండియే నెలనెలా చదువుకొనుటకు పత్రిక వచ్చుచుండెను. నమ్మిక యెట్లు కుదురకుండును? నేటి వాణిజ్యశాస్త్రులు గ్రంథములు వ్రాసి చెప్పు విషయమును కేసరిగారు ఏ గ్రంథమును చదువకయే ఆచరించిరి. రచయిత్రి చేతికి బంగారు కంకణము తొడుగుట కేవలము వ్యాపారబుద్ధి గాదు. అప్పటికి స్త్రీ పేరు అచ్చులో కనబడుటయే కొన్ని ఇండ్ల గౌరవమునకు భంగముగా తలంచుచుండిరి. తమ బాల్యస్మృతులను ఆయన గ్రంథముగా గూడ వ్రాసిరి. దానిలో వర్తకుడు తన గొప్పను గాక తన పేదరికమునే ముందు చెప్పుకొనెను. చెన్నపట్టణమున తెలుగు పిల్లలకొరకు వెలసిన పాఠశాలకు కేసరి పేరు నిలిచినది. గోపాలాచార్యులవారి పేరునకు శిష్యులు, పంతులుగారి పేరునకు పత్రికలు వారసులైనట్లు, కేసరి పేరునకు బడిపిల్లలు వారసులైరి.

మహారాష్ట్రమున షోలాపురపు తెలుగు పద్మశాలీల స్థితి దీనికి వ్యతిరేకదృష్టాంతము. అచ్చటి దుప్పటి దేశమంతట పేరుపొందినది. భౌగోళిక గుర్తింపునుగూడ సంపాదించినది. కాని ఆ పేరు ఊరిది. మగ్గములమీద తరతరములుగా కూర్చున్నవారిలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారని దుప్పటి కప్పుకొన్నవానికి తెలియదు. ఊరి పేరు అందరికిని నీడనిచ్చును, నిజమే. ఒకని కీర్తి మాసినను ఊరి కీర్తి మాయదు. అయితే ఆ నీడలో ఒక గ్రంథమాలయో, ఒక పత్రికయో మొలకెత్తుటకు ఎవరో ఒకరు తమ పేరును పణముగా పెట్టవలసియే యుండును.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, చెన్నపట్టణము దాని వెలుపల నిలిచినది. అంతవరకు రాజధానీనగరమున నున్న తెలుగువారు ఒక్క దినమున అల్పసంఖ్యాకులైరి. ఇచ్చటి పేర్లకు చదువరులు క్రమముగా తగ్గిరి. ఆంధ్రపత్రికయు భారతియు 1991లో ఆగిపోయినవి. 2006లో తమిళనాడున వచ్చిన తమిళ అభ్యసన శాసనము ఒకటవ తరగతినుండి ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళమును నిర్బంధము చేయుచు పదవ తరగతివరకు వచ్చినది. ఇచ్చట నివసించువారు ఇచ్చటి భాషను నేర్చుట ధర్మమే. నేనును నా విద్యార్థులకు అదియే చెప్పుదును. కాని మాతృభాష పాఠ్యక్రమములో ప్రక్కకు తొలగినకొలది తెలుగు తరగతి బల్లలు ఖాళీయగుట కన్నులార చూచుచున్నాను.

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో సంధులు చెప్పుచు 'అమృతాంజనము' అను పదమును బల్లపై వ్రాసితిని. పిల్లలందరు నవ్విరి. పసుపుపచ్చని లేపనము, అమ్మమ్మ నొసలు, జలుబు వాసన అన్నియు వారికి తెలియును. దానిని స్థాపించినవాడు తెలుగువాడని ఇద్దరికి తెలిసినది. ఆయన పత్రిక నడిపెనని ఎవరికిని తెలియదు. మైలాపూరున లజ్ వద్ద ఆయన పేరిట 1940లో వెలసిన ఉద్యానము మాత్రము అందరికిని తెలియును. అది 'నాగేశ్వరరావు పార్కు' గదా, అచ్చట ఊయెలలున్నవి అనిరి. పార్కు పేరున 'పంతులు' అను మాట ఎప్పుడో రాలిపోయినది. సరకు పేరు నిలిచినది, ఉద్యానపు పేరు నిలిచినది, నడుమనున్న మనిషి జారిపోయెను. సరకును కొనుటకు భాష యక్కరలేదు. ఆ సరకు దేనికి వెచ్చింపబడెనో తెలిసికొనుటకు మాత్రము తెలుగు చదువవలెను. బసవపురాణమునకు సంధులు విడదీయలేనివానికి ఆంధ్రగ్రంథమాల కట్టెలమోపుతో సమానము.

ఈ చరిత్ర వ్రాయుటకు కావలసిన సాధనములు గ్రంథాలయములలో దొరకుట కష్టమగుచున్నది. పాతపత్రికల సంపుటములు కట్టించునప్పుడు బైండరులు అట్టలను, ప్రకటనల పుటలను అనవసరమని చించివేయుట అలవాటు. వ్యాసములు మిగిలినవి, వాటిని పోషించిన ప్రకటనలు పోయినవి. ఏ మందు ఏ వెలకు అమ్మిరి, ఏ జిల్లాలో ఏజెంటులుండిరి, ఏ మాటలతో కొనువారిని పిలిచిరి అను విషయములన్నియు ఆ పుటలలోనే యుండెను. అవి ఇంకను మిగిలియుండుటకు అవకాశమున్నచోటు మన యిండ్లే. చెన్నపట్టణమున, షోలాపురమున, బొంబాయిలో తాతల పెట్టెలలో వీ.పీ. రసీదులు, మందుసీసాల చీటీలు, వర్తకులు పంచిన పంచాంగములు, గోడకాలెండరులు, ఏజెంటులకు వచ్చిన కార్డులు ఉండవచ్చును. ఇల్లు మారునప్పుడు వానిని చిత్తుకాగితముల వర్తకునికి తూచి యీయకముందు ఒకసారి విప్పి చూచి, తేదీని, ఊరిపేరును, వెలను ఒక కాగితముమీద ఎత్తివ్రాసి మన సంఘమునకు పంపినచో మేలు. చీటీని సీసానుండి ఊడదీయవలసి వచ్చినచో గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టిన తరువాతనే తీయవలెను. పొడిగా లాగినచో ముందు చినుగునది అక్షరములున్న భాగమే.